నల్లతల పురుగు, మేనమామ మట్టలు

కాశీకి వెళ్లొచ్చినవాళ్లు గంగ గురించి చెబుతారు. తిరుమల వెళ్లొచ్చినవాళ్లు క్యూ గురించి చెబుతారు. నేను గోదావరి జిల్లాకి వెళ్లొచ్చి ఒక పురుగు గురించి చెప్పబోతున్నాను. నవ్వుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత తీరిక ఉండదు.

మాది అనంతపురం. నేనూ మా ఆయనా ఫొటో స్టూడియో నడుపుతున్నాం. పెళ్లిళ్లలో లైట్లు వెలగ్గానే వాటి చుట్టూ చేరే రెక్కల పురుగుల్ని చూసీ చూసీ నాకు వాటి పిచ్చి పట్టింది. పెళ్లికూతురు కంటే ముందు పందిరి గుంజ మీద వాలిన పురుగుని ఫొటో తీసి చీవాట్లు తిన్న రోజులున్నాయి. నా చిన్నప్పటి స్నేహితురాలు పద్మకి ఈ సంగతి తెలుసు. పెళ్లయ్యాక అది రామచంద్రపురంలో స్థిరపడింది. మొన్న ఫాల్గుణంలో వాళ్ల కొబ్బరితోట ఫొటో పంపింది. చెట్ల కింది వరస మట్టలన్నీ మంటలో కాల్చినట్టున్నాయి. కింద ఒక్క మాట రాసింది: "నల్లతల పురుగట. నీ చుట్టమే, వచ్చి చూసుకో."

నల్లతల గొంగళి పురుగు! పుస్తకాల్లో చదవడమే గానీ మా కరువు నేలలో నేనెప్పుడూ చూడలేదు. గొంగళిగా ఉన్నంత కాలం కొబ్బరాకుని తినేసి, చివరికి వేలిగోరంత బూడిదరంగు రెక్కల పురుగై ఎగిరిపోతుంది. ఆ రెక్కల్ని కళ్లారా చూడాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక.

"ఫంక్షన్లు పెట్టుకోని పురుగును చూసేకి పోతావా? నీకేమన్నా తిక్కా?" అన్నాడు మా ఆయన. తిక్కే. రైలెక్కేశాను.

రాజమండ్రిలో పెసరట్టు

తెల్లవారుతుండగా రైలు గోదావరి వంతెన మీదికి వచ్చింది. పెట్టెలో నిద్రపోతున్నవాళ్లంతా లేచి చిల్లర వెతుక్కున్నారు. మా ఊళ్లో ట్యాంకరు వస్తే ఎంత హడావుడి పడతామో, ఇక్కడ అన్ని నీళ్లుండి కూడా నదిని చూడగానే అంతే హడావుడి పడ్డారు. నేనూ ఒక రూపాయి విసిరాను. అది వంతెన ఇనుప కమ్మీకి తగిలి మళ్లీ కిటికీ దగ్గరికే వచ్చి పడింది. పక్కనున్న పెద్దావిడ "గోదారమ్మకి రూపాయి చాల్లేదండి, ఐదేయండి" అంది. వేశాను.

స్టేషను బయట చిన్న హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. అల్లం పచ్చడి నాలుకని చురుక్కుమనిపించింది. యజమాని మర్యాదగా దగ్గరికొచ్చి, "ఏ పని మీద వచ్చారండి?" అని అడిగాడు.

"పురుగుల్ని చూడ్డానికండీ" అన్నాను సంచిలోంచి భూతద్దం తీస్తూ.

ఆయన మొహం పాలిపోయింది. "మా హోటల్లో పురుగులుండవండి! కావాలంటే వంటింట్లోకొచ్చి చూసుకోండి!" అన్నాడు. నేను తనిఖీకి వచ్చిన ఆఫీసరునని అనుకున్నాడట. విషయం చెప్పాక పడీ పడీ నవ్వి, అడక్కుండానే ఇంకో అట్టు వేయించాడు. దానికి డబ్బు పుచ్చుకోలేదు. పురుగుల వల్ల నాకు కలిగిన మొదటి లాభం అది.

కాలువల పక్కన బస్సు

రామచంద్రపురం బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా నోరు తెరుచుకునే ఉన్నాను. ఎటు చూసినా రెండో పంటగా వేసిన దాళ్వా వరి, దాని గట్టున కాలువ, కాలువ గట్టున కొబ్బరి. మా వైపు మట్టికి రంగు ఉంటుంది గానీ ఇక్కడ మట్టే కనిపించదు. కండక్టరు దారికి అడ్డం కూర్చున్న మేకను కూడా "లేవండమ్మా" అన్నాడు.

పద్మ భర్త వీర్రాజు గారు బస్టాండుకొచ్చారు. బజారులో ఆయనకి కొబ్బరికాయల కొట్టుంది, ఊరి చివర కాలువ పక్కన తోట ఉంది. మనిషి భారీగా ఉంటారు, మాట మెత్తగా ఉంటుంది. "రండి చెల్లెమ్మా. ముందు భోజనం, తర్వాతే పురుగు" అన్నారు. ఆ మధ్యాహ్నం ఆవపెట్టిన పనసపొట్టు కూర మొదటిసారి తిన్నాను. ముక్కు దాకా ఎక్కిన ఆ ఆవ ఘాటుకి కళ్లనీళ్లు తుడుచుకుంటూ మూడుసార్లు వడ్డించుకున్నాను.

ఇంట్లో పెళ్లి హడావుడి కనిపించింది. పెద్దాపురంలో ఉండే వీర్రాజు గారి చెల్లెలు రమణమ్మ గారి కూతురు శిరీషకి వచ్చే వారమే పెళ్లి. "నువ్వూ రావాలే, పిలవకుండా వదలను" అంది పద్మ. పెళ్లిళ్లు తప్పించుకుని వస్తే ఇక్కడా పెళ్లే! కెమెరా తేనందుకు మాత్రం సంతోషించాను.

ఆకు అడుగున ఊరు

మర్నాడు పొద్దున్నే తోటకి వెళ్లాం. కొబ్బరికాయల దింపు తీసే అతను ఒక చెట్టెక్కి కింది వరస మట్ట ఒకటి నరికి పడేశాడు. పరుగెత్తుకెళ్లి దాన్ని తిరగేశాను.

అబ్బ, ఏం చెప్పను! ఆకు అడుగున ఈనె పక్కనే పట్టుదారంతో, తన సొంత పేడతో కట్టుకున్న పొడవాటి గొట్టాలు. అందులో ఒకదాన్ని గడ్డిపరకతో చీల్చాను. లేతాకుపచ్చ ఒంటి మీద ఎర్రటి చారలు, నల్లటి తల ఉన్న పురుగు ఒకటి వెనక్కి వెనక్కి పాకింది. ఆనందం పట్టలేక గట్టిగా కేక పెట్టాను. దింపు మనిషి పాము కరిచిందనుకుని చెట్టు మీంచి జర్రున జారాడు.

దాని తిండి తీరు తెలిస్తే మీరూ ఆశ్చర్యపోతారు. ఆకు పైపొర జోలికి పోదు. ఆ పొరని ఇంటికప్పులా ఉంచుకుని, గొట్టంలో దాక్కుని, అడుగునున్న పచ్చదనాన్ని మాత్రం గీకి గీకి తింటుంది. అందుకే ఆకు రాలదు, ఎండిన కాగితంలా చెట్టుకే వేలాడుతుంది. లేత మట్టలు దానికి అంతగా రుచించవు, ముదురాకే కావాలి. నెల దాటి అలా తిని తిని, ఆ గొట్టంలోనే గూడు కట్టుకుని గోధుమరంగు ప్యూపాగా మారుతుంది. కొన్నాళ్లకి రెక్కలొచ్చి బయటికి వస్తుంది. రెక్కలొచ్చిన పురుగు ఆకుని ముట్టదు. చీకట్లో జత కలిసి, మళ్లీ ముదురాకు అడుగున గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. ఎన్ని చెట్లు ఎండినా ఆ పాపం బాల్యానిదే.

గొంగళులు దొరికాయి, గూళ్లు దొరికాయి, ఖాళీ పెంకులూ దొరికాయి. రెక్కల పురుగు మాత్రం ఒక్కటీ కనిపించలేదు. బాగా ముదిరిన రెండు ప్యూపాలని చిన్న గాజు సీసాలో వేసి, మూతికి దూది బిరడా పెట్టి చేతిసంచిలో దాచుకున్నాను. పురుగులున్న ఆకుల్ని ఒక కట్ట కూడా తీసుకున్నాను.

అంతలో వీర్రాజు గారు చెట్లని చూపిస్తూ దింపు మనిషితో, "పెద్దాపురానికి మట్టలు ఎల్లుండి కొట్టాలి. పచ్చగా ఉన్నవి చూసి కొట్టు" అన్నారు.

వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆడపిల్ల పెళ్లి పందిరికి మట్టలు మేనమామ తోటలోంచే రావాలి. మొదటి మట్టకి పసుపు కుంకాలు పెట్టి మేనమామే రాటకి కడతాడు. పెళ్లయ్యాక ఆ మట్టల్ని బయట పారెయ్యరు, పెళ్లికూతురి పుట్టింటి చెట్ల మొదళ్లలో పరుస్తారు. రమణమ్మ గారి ఇంటి వెనక కొబ్బరితోట ఉంది. ఆవిడా ఆవిడ భర్తా చేతులారా నాటి, నీళ్లు మోసి పెంచారు. ఈ ఏడే కాపుకొచ్చింది.

ఈ మట్టలు ఆ తోటకా!

పందిరి తగువు

ఇంటికొచ్చాక ఉండబట్టలేక చెప్పేశాను. "అన్నయ్య గారూ, పైకి పచ్చగా ఉన్న మట్టలోనూ అడుగున ఇవి ఉంటాయండీ. మట్ట ఎండగానే గొంగళి పాక్కుంటూ పోయి పక్క చెట్టెక్కుతుంది. గూట్లో ఉన్నవి రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. మీ మేనకోడలి పందిట్లోంచి సరాసరి మీ చెల్లెలి తోటలోకే."

"పోనీ తాటాకులతో వేయించండి" అని సలహా కూడా ఇచ్చాను. అన్న మరుక్షణమే నాలిక్కరుచుకున్నాను. ఈ పురుగు తాటాకునీ తింటుంది! ఆ ముక్క కూడా నేనే చెప్పాల్సి వచ్చింది.

"షామియానా వేయిద్దామా?" అంది పద్మ.

"షామియానాలో అందరూ చేస్తారు. మేనమామ ఎందుకింక?" అన్నారు వీర్రాజు గారు.

"పక్క తోటలో కొనొచ్చు కదండీ?" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "తోట ఉన్న మేనమామ మట్టలు కొనుక్కెళ్లాడంటే నలుగురూ ఏమనుకుంటారండీ? నా చెల్లెలు ఏమనుకుంటుంది? మీరు చూడ్డానికొచ్చారు, చూశారు. అక్కడితో వదిలేయండమ్మా" అని కొట్టుకి వెళ్లిపోయారు.

పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది. చుట్టపుచూపుగా వచ్చి ఇంటి యజమానికి కోపం తెప్పించాను. నోరు కట్టేసుకుందామా అనుకున్నాను, కానీ నీళ్లు మోసి పెంచిన ఆ చెట్లు కళ్లలో మెదులుతున్నాయి. బొట్టు నీటి విలువ మా ఊరివాళ్లకి ఒకరు చెప్పాలా?

బకెట్లో ప్రళయం

తెల్లారి లేచి నా ఆకుల కట్ట కోసం చూస్తే వరండాలో లేదు. పురుగులు ఇంట్లోకి పాకుతాయని పద్మ భయపడి, రాత్రే కట్టని బకెట్లో వేసి, నీళ్లు పోసి, పైన రుబ్బురాయి పొత్రం పెట్టిందట. బకెట్లో నా పురుగులన్నీ చచ్చి తేలుతున్నాయి. గొట్టాలు చీల్చి చూశాను, లోపలివీ చచ్చాయి.

"ఎంత పని చేశావే! నా పురుగులు!" అని లబోదిబోమన్నాను. చేతిసంచిలో ఉన్న సీసా పద్మ కంట పడనందుకు సంతోషించాను.

పద్మ బకెట్లోకి వంగి చూస్తూ ఉండిపోయింది. "ఏమే, తడికలు అల్లేముందు ఆకుని కాలువలో నానబెడతాం కదా. మట్టలన్నీ అలా ముంచేస్తే?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత ఇద్దరం కలిసి వంటింట్లో గంతులేశాం.

వీర్రాజు గారు మాత్రం ఒప్పుకోలేదు. "తడికలు గొడ్లపాకకి కడతారు. పెళ్లికి పచ్చి మట్ట ఉండాలి" అన్నారు. నేను ముందురోజు తోటలో తీసిన పురుగు వీడియో ఫోన్లో పెట్టి ఆయన చేతికిచ్చాను. తెర నిండా నల్లతల, ఆకుని ఎడాపెడా గీకుతోంది. ఆయన కళ్లు చిట్లించుకుని చాలాసేపు చూశారు.

"మా తోటకి ఇది ఎలా వచ్చిందో తెలుసాండీ?" అన్నారు చివరికి. "క్రితం ఏడు గొడ్లపాక మీద కప్పుకోడానికి ఒకాయన పందిరి విప్పిన మట్టలిచ్చాడు. ఉత్తినే ఇచ్చాడు కదాని బండి కట్టుకుని మరీ తెచ్చుకున్నాను. మొదట పాక పక్క చెట్టే మాడింది. ఆయనకి తెలుసో తెలీదో గాని, నాకు మాత్రం చెప్పలేదండి."

ఫోను నాకు తిరిగిచ్చేశారు. "నాకు తెలుసు కదా ఇప్పుడు" అన్నారు.

నీళ్లలో మట్టలు, జొన్నల్లో పురుగులు

ఆ సాయంత్రమే మట్టలు కొట్టించారు. నడిమికి నిలువునా చీల్చి, కట్టలు కట్టి, కాలువలో ముంచి, పైకి తేలకుండా మట్టిబస్తాలు పెట్టారు. నేనూ సాయం పడదామని గట్టు దిగి, జారి, నడుం దాకా కాలువలో కూర్చున్నాను. అనంతపురం మనిషికి అదొక వైభోగం. లేవమని చెయ్యిస్తే కాసేపాగమన్నాను.

మట్టలు నానుతున్న రోజుల్లో వీర్రాజు గారు నన్ను దగ్గర్లో మిత్రపురుగుల్ని పెంచే కేంద్రానికి తీసుకెళ్లారు. అక్కడ పళ్లేల్లో నూకలాడించిన జొన్నలు పోసి, వాటిలో బియ్యానికి పట్టే చిలకపురుగుని పెంచుతున్నారు. అదీ ఒక చిన్న రెక్కల పురుగే. దాని గొంగళుల్ని చీమంత కందిరీగలకి మేతగా వేస్తారు. కందిరీగ గొంగళిని కుట్టి కదలకుండా చేసి, దాని మీదే గుడ్లు పెడుతుంది. పిల్లలు దాన్ని తింటూ పెరుగుతాయి. ఆ కందిరీగల్ని తోటలో వదిలితే నల్లతల పురుగునీ అలాగే పట్టుకుంటాయి.

నేను పళ్లేనికి పళ్లేనికీ మధ్య చిన్నపిల్లలా తిరిగాను. వీర్రాజు గారు గడ్డం గోక్కుంటూ, "పురుగుని చంపడానికి పురుగు, ఆ పురుగుని పెంచడానికి ఇంకో పురుగు, దానికి జొన్నలు. మా పెళ్లికి ఇంత మెనూ లేదండి" అన్నారు. అయినా తన తోట కోసం కందిరీగల సీసాలు అడిగి తీసుకున్నారు. తోట తేరుకోడానికి నెలలు పడుతుందని అక్కడివాళ్లు చెప్పారు.

నీళ్లలోంచి మట్టలు తీసిన రోజు గొట్టాలన్నీ చీల్చి చూశాను. బతికున్నది ఒక్కటీ లేదు. ఆ తర్వాత వరండాలో అల్లకం మొదలైంది. పద్మ వేళ్లు చకచకా నడుస్తుంటే, నా తడిక మాత్రం ఒక మూల వెడల్పుగా, ఇంకో మూల ఇరుకుగా తయారైంది. "దీన్ని వంటవాళ్ల వైపు కడదాంలే" అంది పద్మ. వీర్రాజు గారు కొట్టు మూసి వచ్చి చొక్కా విప్పి కూర్చున్నారు. చిన్నప్పుడు వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నారట. ఒక్కొక్క తడికా అల్లారు. చెల్లెలికి ఏం చెప్పాలో ఆయన ఇంకా తేల్చుకోలేదని మొహమే చెబుతోంది.

పెద్దాపురం పందిరి

తడికల లారీ వెనకే సామర్లకోట మీదుగా పెద్దాపురం చేరాం. రమణమ్మ గారింటి వెనక తోటని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నేల మీద నిలబడి చేత్తో అందుకునేంత ఎత్తులో మొదటి గెలలు, మచ్చ లేని మట్టలు.

తడికలు దింపుతుంటే పెళ్లివారి బంధువొకాయన నవ్వేశాడు. "ఏంటి వీర్రాజూ, పందిరేస్తావనుకుంటే పాక కడుతున్నావేంటి?"

చుట్టూ నలుగురు నవ్వారు. వీర్రాజు గారు తలెత్తారు. "నా తోటకి పురుగు పట్టిందండి. పచ్చి మట్ట తెస్తే మా చెల్లెలి తోట కూడా పోతుంది. అందుకని ముంచి, నానబెట్టి, అల్లి తెచ్చాను. తప్పయితే నాదే."

అందరూ రమణమ్మ గారి వైపు చూశారు. ఆవిడ ఒక తడిక దగ్గరికెళ్లి అల్లిక మీద చెయ్యి వేసింది. "ఇది నువ్వల్లావా అన్నయ్యా?"

"చాలావరకూ నేనే."

"అమ్మ ఇలాగే అంచు మడిచేది" అంది. అంతే, కొంగుతో కళ్లొత్తుకుంటూ మొదటి తడికకి తనే పసుపు రాసి అన్న చేతికిచ్చింది. ఆయన దాన్ని రాటకి కట్టారు. వేళాకోళం చేసినాయన కూడా తాడు పట్టుకున్నాడు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అల్లిన పందిరి ఎంత బాగుందో ఫొటో తీద్దామని ఫోను కోసం చేతిసంచిలో చెయ్యి పెట్టాను.

ఈ హడావుడిలో మరిచేపోయిన గాజు సీసా చేతికి తగిలింది.

చెప్పేవి శ్రీరంగనీతులు! ఊళ్లో మట్టలన్నీ ముంచించి, నేను ఆ పురుగుని సంచిలో పెట్టుకుని సరాసరి ఆ తోటలోకే వచ్చాను. సీసా పైకి తీశాను. దూది బిరడా బిగువుగానే ఉంది. లోపల ఒక ప్యూపా అలాగే ఉంది. రెండోది ఖాళీ పెంకు. గాజుకి అతుక్కుని, బూడిదరంగు రెక్కలు ఒంటికి దగ్గరగా ముడుచుకుని, పొడుగాటి మీసాలు కదిలిస్తూ, అది కూర్చుని ఉంది.

"ఏంటండీ అది?" అన్నారు వీర్రాజు గారు. సీసా చూశారు, నన్ను చూశారు. కోప్పడతారనుకున్నాను. ఆయన వంటవాళ్ల దగ్గరికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి నా పక్కన నిలబడ్డారు.

"ముందు చూసుకోండి చెల్లెమ్మా. దీనికోసమే కదా అంత దూరం వచ్చారు. నీళ్లు నేను పట్టుకుంటాను."

చూశాను. రెక్కల మీద బూడిద చల్లినంత సన్నటి పొడి, అక్కడక్కడా చిన్న చిన్న చుక్కలు. ఎంత అందంగా ఉందో! వెలుతురు పడగానే ఒకసారి ఎగరబోయి గాజుకి కొట్టుకుంది. దాని వెనకాల, పందిరి అవతల, లేత తోట గాలికి ఊగుతోంది. గబగబా ఒక ఫొటో తీసుకున్నాను.

"మీరే పోసెయ్యండి అన్నయ్య గారూ, నా వల్ల కాదు" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "నా మట్టలు నేనే ముంచుకున్నాను కదండీ" అని గ్లాసు నా చేతికిచ్చారు.

దూది కాస్త పక్కకి జరిపి పోశాను.

గాభరాలో తీసిన ఆ ఫొటోలో ఫోకస్ తప్పింది. పురుగు మసకబారింది, వెనకున్న కొబ్బరి చెట్లు మాత్రం స్పష్టంగా పడ్డాయి. ఇన్నేళ్లలో నేను తీసిన ఫొటోల్లోకెల్లా అధ్వానమైనది అదే. దాన్నే ఫ్రేము కట్టించి స్టూడియో గోడకి తగిలించాను.